గోడౌన్‌లో అన్న మాట

నాకు ముక్కు మీదే కోపం. ఆ కోపంలోనే సుంకమ్మక్కను నలుగురిలో నిలబెట్టి కడిగేశాను.

మైదుకూరులో రాజశేఖర్ సార్ చీరల అంగడిలో మేమిద్దరం ఆరేళ్లుగా పనిచేస్తున్నాం. మధ్యాహ్నం గోడౌన్‌లో చీరల మూటల మధ్య కూర్చుని ఒకే క్యారియర్‌లో తినేవాళ్లం. కడపలో పెద్ద షోరూం వాళ్లు నన్ను రమ్మన్నారని, ఒకటో తేదీ నుంచి చేరతానని అక్కడే ఆమె చెవిన వేశాను. ఇంట్లో కూడా ఇంకా చెప్పలేదు.

రెండో రోజే సార్ నవ్వుతూ, "కడపకు పోతాండావంట గదా రమణీ? ఆ షోరూం ఆయన మనకు బాగా కావాల్సినోడే" అన్నాడు. సాయంత్రానికి షోరూం వాళ్లు ఫోన్ చేసి, ఇప్పుడు ఖాళీ లేదన్నారు.

చెప్పింది ఒక్కరికే. ఇంకెవరు మోస్తారు? కొనేవాళ్ల ముందే, "చాడీలు చెప్పి ఏం మూట కట్టుకున్నావక్కా?" అని అరిచాను. ఆమె చేతిలోని చీర పూర్తిగా మడతపెట్టి, క్యారియర్ తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ పనికి రాలేదు. తప్పు చేసింది కాబట్టే రాలేదనుకున్నాను.

వారం తర్వాత గోడౌన్‌లో ఒక్కదాన్నే తింటూ, "ఈ పిసినారి ఫ్యానన్నా వేయించడు" అని గొణుక్కున్నాను. మరుసటి రోజు సార్, "ఈ పిసినారి ఇచ్చే జీతమే నిన్ను సాకుతాండాది" అన్నాడు. అక్కడ నేను తప్ప ఎవరున్నారు? గోడౌన్‌లోకి పోయి తలెత్తి చూశాను. మూలన కెమెరా. ఏడాదిన్నర కింద దొంగతనాలు జరక్కుండా పెట్టిస్తున్నానన్నాడు. మాటలు వింటుందని మాత్రం చెప్పలేదు.

అయినా నమ్మకం కుదరలేదు. ఫోన్ చెవికి పెట్టుకుని, అవతల ఎవరూ లేకుండానే, "ఏమప్పా, సోమవారం లేబర్ ఆఫీసరు మా అంగడికి తనిఖీకి వస్తాండాడా?" అన్నాను. మర్నాడు వచ్చేసరికి గోడౌన్‌లో కొత్త ఫ్యాను తిరుగుతోంది. తాగే నీళ్ల క్యాను కూడా వచ్చింది.

"మాకు చెప్పకుండా మా మాటలు వింటాంటే చట్టం ఒప్పుకుంటాదా సార్?" అని అడిగేశాను.

"నా అంగడి, నా కెమెరా" అన్నాడు.

"లాయరునే అడుగుతా" అని బయటికొచ్చేశాను. సుంకమ్మక్క గడప దగ్గరికి వచ్చేసరికి ఆ ధైర్యమంతా పోయింది.

ఆమె చెనక్కాయలు ఒలుస్తోంది. అంతా చెప్పి, "తప్పయిపోయిందక్కా" అన్నాను.

"పోయినేడు మా ఆయన తాగి కొట్టినాడని నీకొక్కదానికే చెప్పింటి" అంది. "మరుసటి దినమే సార్ ఎకసెక్కంగా అడిగినాడు. నువ్వే చెప్పినావనుకుంటి."

"మరి నన్ను అడగలేదే?"

"అడిగింటే మళ్లీ ఒకే క్యారియర్‌లో యాడ తింటాం?"

నేనే చెప్పాననుకుని కూడా ఆ ఏడాదంతా తన సంగటిలో సగం నాకు పెట్టింది. నేను ఒక్క పూట ఆగలేకపోయాను.