ఫిర్యాదుదారు ఒప్పుకున్నారు

"ఇంట్ల కూసున్నదానివే గద, నల్లా సంగతి నువ్వే చూసుకో," అని మొగుడు లింగస్వామి చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నప్పుడు యాదలక్ష్మి బియ్యం కడుగుతోంది. ఆర్టీసీ డ్రైవరుకు సమ్మె రోజుల్లో బస్సు లేదు గానీ తీరిక మాత్రం ఎక్కడిది? పొద్దున్నే హయత్‌నగర్‌లో సమ్మె టెంటుకు పోవాలి. తెలంగాణ వస్తేనే మన నీళ్ళు మనకని సాయంత్రందాకా గొంతు చించుకోవాలి. వినాయక నిమజ్జనం నాటి నుంచీ ఎల్బీనగర్‌లోని సొంతింటి నల్లాలో చుక్క రావడం లేదన్న మాట మాత్రం ఆ మహానుభావుడి చెవిన నిలవలేదు.

నీళ్ళు పక్కింటి సీతామహాలక్ష్మిగారి బోరు నుంచి వచ్చేవి. వచ్చేవంటే, యాదలక్ష్మి నడుం మీద వచ్చేవి. "ఆంధ్రోళ్ళతోని నీకేం ముచ్చట?" అని ఆ నీళ్ళతోనే స్నానం చేస్తూ మొగుడు కసిరేవాడు. నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలిసేది కాదు. నీళ్ళ ఆఫీసుకు కంప్యూటర్‌లో ఫిర్యాదు పెట్టమని చెప్పింది కూడా సీతామహాలక్ష్మిగారే. "మన అర్జీ ఎక్కడిదాకా వచ్చిందో ఇప్పుడు మనమే చూసుకోవచ్చటమ్మా. దాచడానికేం లేదుట," అందావిడ.

దిల్‌సుఖ్‌నగర్‌లో సూర్యప్రభ నడిపే నెట్ సెంటర్‌లో యాదలక్ష్మి తన పేరు మీదే ఫిర్యాదు పెట్టించింది. ఫోన్ నంబరంటే ఇంట్లో ఉన్నది ఒకటే, లింగస్వామిది. ఏమైందో చూద్దామని ఇవాళ మళ్ళీ బయలుదేరింది. బస్సుల్లేవు కదా, చైతన్యపురిదాకా నడిచి, అక్కడ షేరాటో ఎక్కింది.

సూర్యప్రభ తెర చూసి చదివింది. "సమస్య పరిష్కారమైంది. ఫోన్‌లో అడగగా, నీళ్ళు వస్తున్నాయని ఫిర్యాదుదారు ఒప్పుకున్నారు."

"నేనెప్పుడు ఒప్పుకున్న?"

"ఒప్పుకున్నట్టు మీ పేరే ఉందక్కా. యాదలక్ష్మి."

పేరు తనదే. ఇంటి నంబరూ తనదే. మరి ఒప్పుకున్న ఈ యాదలక్ష్మి ఎవరు? పనుల గడబిడలో ఎవరికైనా ఊ కొట్టి మరిచిపోయానా? అత్త ఉన్నప్పుడు, మరిది పెళ్ళప్పుడు, ఎవరేమడిగినా ఊ కొట్టడమేగా తన అలవాటు! ఏమీ పాలుపోక, అదే ఫోన్ నంబరుతో మళ్ళీ ఫిర్యాదు పెట్టించి ఇంటికొచ్చింది.

సాయంత్రం మొగుణ్ణి అడిగింది.

"ఆ, ఎవరో ఫోన్ జేసిండ్రు. నీళ్ళొస్తున్నయా అంటే, వస్తున్నయన్న. డ్రమ్ము ఎప్పుడు జూసినా నిండే ఉంటది గద!"

ఆయన అబద్ధమాడలేదు. అదే ఆమెను మరీ కలవరపెట్టింది. మూత తీస్తే నీళ్ళుంటాయి, గిన్నె తీస్తే అన్నం ఉంటుంది, ఆయన చూసిందే చెప్పాడు. ఆఫీసువాళ్ళు అడిగారు, విన్నది రాసుకున్నారు. కంప్యూటర్ అయితే ఏదీ దాచుకోకుండా ఊరందరికీ చూపించింది. ఎవరి పని వాళ్ళు చేశారు. మరి తను ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? అన్నీ తెరిచిపెట్టారంటున్న ఆ తెర మీద తన నడుం నొప్పి ఎక్కడా లేదేం? ఎంత ఆలోచించినా ఒక కొస దొరకలేదు. కోపం మాత్రం అలాగే ఉంది.

తెల్లారి లింగస్వామి జేబులు తడుముకున్నాడు. "నా ఫోనేది?"

"నాకాడుంది. ఆఫీసోళ్ళు మళ్ళ జేస్తరు. నేను మాట్లాడాలె."

"టెంటు కాడికెల్లి నాకు ఫోన్లొస్తయే!"

"వస్తే నేను జెప్త."

ఆయన కాసేపు గొణిగి, ఇంకాసేపు గడపలో నిలబడి, చివరికి వెళ్ళిపోయాడు.

అంట్లు తోముతుంటే ఫోన్ మోగింది. ఏ మీట నొక్కాలో తెలియక తడబడి, తడి చేత్తోనే పచ్చది నొక్కింది. అటువైపు నినాదాల హోరు, మైకు గోల. "అన్నా, యాడున్నవే? అందరొచ్చిండ్రు!" అని ఎవరో అరిచారు.

"అన్న గాదు. నేను యాదలక్ష్మిని," అంది ఆమె గొంతు పెంచి. "మా నల్లల నీళ్ళు వస్తలేవు."