పదకొండో అధ్యాయం

ఉతికిన బట్టలు మడతపెడుతుంటే అత్తగారు వచ్చి, "ఇవాళ ఇద్దరూ ఇంట్లోనేగా, మా చెల్లెలు వాళ్ళని భోజనానికి రమ్మన్నాను" అన్నారు. సెలవు మావారికి. నాది ఇంటినుంచి పని. ఆ తేడా ఈ ఇంట్లో ఆరేళ్ళుగా ఎవరి తలకూ ఎక్కలేదు. "తనకేముందమ్మా, కూర్చుని రాసుకోవడమేగా" అని మావారు ఫోన్లోంచి తలెత్తకుండా వంత పాడారు.

నేను రాసేది కంప్యూటర్ ఆటలు రూపొందించే డిజైనర్ల కోసం. మా కంపెనీ ఆటలన్నీ ఒక పాత ప్రోగ్రామింగ్ భాష మీద నడుస్తాయి. దాని అడుగుపొరల్లో మెమరీని నేరుగా ముట్టుకునే ఆదేశాలు కొన్ని ఉన్నాయి. వాటిని పెట్టినవాళ్ళు ఏనాడో వెళ్ళిపోయారు. రాసిపెట్టిన ముక్క ఒక్కటీ లేదు. నాలుగు నెలలపాటు ఒక్కో ఆదేశాన్నీ నడిపి చూసి, ప్రోగ్రామ్ కుప్పకూలిన ప్రతిసారీ ఎందుకో పట్టుకుని, కోడ్ అంటే బెదిరిపోయేవాళ్ళకు కూడా అర్థమయ్యేలా మాన్యువల్‌లో పదకొండో అధ్యాయం రాశాను.

కూర కలుపుతూ మీటింగు విన్నాను. వారంలో కొత్త ఆట విడుదల. మూడో దశలో తెర బిగుసుకుపోతోందని ఇంజనీర్లు పదిరోజులుగా తలలు పట్టుకున్నారు. కొత్తగా చేరిన డిజైనరమ్మాయి అంది: "పదకొండో చాప్టర్ చదివాను సార్. వాడుకున్న మెమరీని ఒక్కసారే తిరిగి వదలాలి, మనం రెండుసార్లు వదిలేస్తున్నాం. ఒకటి తీసేశాను, ఇప్పుడు బాగానే నడుస్తోంది."

అందరూ చప్పట్లు కొట్టారు. మా టీమ్ లీడర్ గొంతు సవరించుకుని, "ఆ చాప్టర్‌కి చాలా కష్టపడ్డాన్లెండి" అన్నాడు. దానికీ చప్పట్లు కొట్టారు.

మీటింగయ్యాక ఫోన్ చేసి అడిగాను. "టైప్ చేసింది మీరే, కాదనట్లేదు. టీమ్ అన్నాక నీదీ నాదీ ఏంటండీ?" అన్నాడు. కోపం రావాల్సింది. అలసట వచ్చింది. నేను వండిన వంటకు మావారు మెచ్చుకోళ్ళు అందుకునేటప్పుడు కూడా ఇదే అలసట.

ఇంతలో ఆ అమ్మాయే ఫోన్ చేసింది. "మేడమ్, తర్వాతి చాప్టర్ ఎప్పుడిస్తారు?"

"సార్‌ని అడగలేకపోయావా?"

"ఆయన రాస్తే ఆయనకైనా అర్థమవుతుందా మేడమ్? అది మీరు రాసిందని అందరికీ తెలుసుగా!"

అందరికీ తెలుసు. తెలిసే చప్పట్లు కొట్టారు.

స్టవ్ ఆపేశాను. "కూరో?" అన్నారు అత్తగారు. "సగమైందండీ. మిగతా సగం మీ అబ్బాయి చూసుకుంటారు" అని గదిలోకెళ్ళి తలుపేసుకున్నాను. కంపెనీలో అందరికీ ఒక మెయిల్ రాశాను: "పదకొండో అధ్యాయంలో సందేహాలుంటే, దాన్ని రాసిన నన్నే అడగండి." కింద నా పేరు పెట్టి పంపేశాను.

బయటినుంచి మావారి గొంతు వినిపించింది. "ఇందులో ఉప్పు వేశావా, లేదా?"

"రుచి చూడండి" అన్నాను, తలుపు తీయకుండానే.