ఉప్పు కాదు, సోడా

సంచి అడుగున రెండు చీరలు, వాటిపైన సర్టిఫికెట్ల ఫైలు, ఆపైన పాత లుంగీలో చుట్టిన గాజు సీసాలు. అంజమ్మ అన్నీ బయటకు తీసి మూడోసారి సర్దింది. సాయంత్రం ఆరింటికి పంజాగుట్టలో మైసూరు బస్సు. రేపు మధ్యాహ్నం ఇంటర్వ్యూ. కెమిస్ట్రీని పిల్లలకు ఎలా బోధించాలో నేర్పే రెండేళ్ల మాస్టర్స్ కోర్సుకు కూతురు మంజుశ్రీ దరఖాస్తు పెట్టుకుంది.

"అమ్మా, ఇగ ఇడిసిపెట్టు. నువ్వు సర్దుతుంటే సంచికే చెమటలు పడుతున్నయ్."

"నీకేందే, నవ్వుతవ్. సంచి సర్దుకొని పోయినోళ్లు..." అంజమ్మ మాట మింగేసింది.

భర్త మార్కండేయ సిరిసిల్ల నుంచి భివండి మగ్గాల పనికి ఇలాంటి సంచితోనే వెళ్లి, అక్కడే పోయాడు. నెలల పిల్లను చంకనేసుకుని ఆమె అమీర్‌పేటకు వచ్చింది. చీరకు సరిపడేలా జాకెట్ గుడ్డలకూ ఫాల్స్‌కూ రంగులద్దే చిన్న కొట్టు పెట్టింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ కొట్టు వెనక గదే తల్లీకూతుళ్ల ఇల్లు. మంజుశ్రీ పక్క వీధి కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెబుతోంది.

"ఇంటర్వ్యూల పది నిమిషాల పాఠం చెప్పాలె. జర ఇను. నువ్వే నా క్లాసు."

అంజమ్మ పీట మీద బుద్ధిగా కూర్చుంది. "డౌటొస్తే చెయ్యి లేపాల్నా, టీచరమ్మా?"

"లేపు. నిద్రపోతే మాత్రం బయట నిలబెడత."

సంచిలోని సీసాలు మళ్లీ బయటికొచ్చాయి: రంగు నీళ్లు, నూలు గుడ్డ, గుప్పెడు ఉప్పు. మంజుశ్రీ బాగా చెబుతోంది. చివరకు అంది: "గీ ఉప్పే రంగును నూలుకు కట్టేస్తది. గందుకే ఎన్నిసార్లు ఉతికినా పోదు."

అంజమ్మ పీట మీద కదిలింది. అది తప్పు. పైగా ఆ తప్పు తను నేర్పిందే. "రంగు పోతదా?" అని అడిగినవాళ్లందరికీ "ఉప్పేసిన, పోదు" అనే చెప్పేది, అసలు కిటుకు ఎదురుగా రంగుల కొట్టు పెట్టిన బుచ్చయ్య చెవిన పడకూడదని. ఆఖరున వేసే బట్టల సోడా గురించి ఎవరికీ చెప్పలేదు. ఆ డబ్బా గిన్నెలు తోమడానికని కూతురు కూడా అనుకునేది.

ఊరుకుంటే చాలు. అక్కడి పెద్దలు తప్పు పట్టేస్తారు, సీటు రాదు, సోమవారానికి పిల్ల ఇంట్లో ఉంటుంది. ఆ సోమవారం అంజమ్మ కళ్లముందు కదిలింది: ఇద్దరూ గడపలో కూర్చుని టీ తాగుతున్నారు.

"మంచిగున్నదా అమ్మా?"

"మస్తున్నది."

మంజుశ్రీ మెరిసిపోతూ సీసాలను సంచిలో పెట్టుకుంది. ఆ మెరుపును అంజమ్మ తట్టుకోలేకపోయింది. చెయ్యి లేపింది.

"డౌట్, టీచరమ్మా."

రెండు గిన్నెల్లో ఒకే రంగు కలిపి, ఒక్కో నూలు గుడ్డ ముంచింది. ఒకదాంట్లో ఉప్పు మాత్రమే వేసింది, రెండోదాంట్లో ఉప్పూ, తరువాత సోడా. గంట ఆగి రెండు గుడ్డల్నీ వేడి నీళ్లలో పిండింది. మొదటి గుడ్డ రంగంతా కక్కేసింది. రెండోది అలాగే ఉంది.

"ఉప్పు రంగును గుడ్డ మీదికి నూకుతదంతే. పట్టి ఉంచేది సోడా."

మంజుశ్రీ నోరు తెరుచుకుని చూసింది. "గిన్నేండ్లు నాకు సుత చెప్పలే!"

"నీకు చెప్తే బుచ్చయ్య బిడ్డకు చెప్పకుందువా? ఇద్దరూ ఒకే బెంచీ."

"దొంగ! నా తల్లివి కాదు నువ్వు!" అంటూ మంజుశ్రీ ఆమెను కావలించుకుంది. రెండు గుడ్డలూ తడివి తడిగానే కవరులో వేసుకుంది. అంజమ్మ పంజాగుట్ట దాకా వెళ్లి బస్సెక్కించింది.

ఆ గుడ్డల్ని ఇంటర్వ్యూలో చేతులు మార్చి మార్చి చూశారట. సీటు వచ్చింది. కోర్సు పూర్తయ్యాక అక్కడే టీచర్లకు పాఠం చెప్పే ఉద్యోగమూ వచ్చింది. అంజమ్మ ఏడాదికి రెండుసార్లు వెళ్లి పదిహేను రోజులుంటుంది, ఆఖరి బెంచీలో కూర్చుని వింటుంది, హాయిగా తిరిగొస్తుంది. కూతురు పండక్కో పెళ్లికో వచ్చి పోతుంది. అమీర్‌పేటలో ఉండటానికి మాత్రం మంజుశ్రీ మళ్లీ రాలేదు. ఆమె చదువుకని ఇల్లు విడిచింది 2022 ఆగస్టు ఎనిమిదిన; ఆ తేదీ అంజమ్మకు ఇప్పటికీ గుర్తే.