పక్కకి జరిగిన సీటు

ఎర్రకారు మీద కప్పిన దుప్పటి లాగేసరికి షిరీన్‌కి అన్నంలో వెంట్రుక నాలుకకి తగిలినట్టయింది.

తనది తెల్లకారు, ఫణీంద్ర జట్టుది ఎర్రకారు. రెండూ ప్లైవుడ్డుతోనూ అట్టలతోనూ అసలు సైజులో చేసిన నమూనాలే, ఇంజన్లు లేవు. కానీ రంగు గీకేస్తే ఏది ఎవరిదో చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు. అదే మొనదేలిన ముక్కు, ముందూ వెనకా అవే రెక్కలు, ఒంటికి అంటకుండా బయటికి పొడుచుకొచ్చిన అవే నాలుగు చక్రాలు, డ్రైవరు తల వెనక గాలి పీల్చే అదే గూడు.

రెండువేల ఆరులో, మార్టూరు దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో జరిగిన సంగతి ఇది. ఆఖరి సంవత్సరం పిల్లలు రెండు జట్లుగా రేసుకారుకి నమూనాలు చేశారు. నెగ్గిన జట్టు కారుని కాలేజీవాళ్ళు నిజంగా తయారు చేయించి మద్రాసు పోటీకి పంపుతారు. తను గీసిన కారు రోడ్డు మీద పరిగెత్తడం చూడాలని షిరీన్ తిండీ నిద్రా మానుకుంది.

"సార్, అది నా డిజైన్" అంది, పక్కనే ఉన్న అంకమ్మరావు సారుతో. రెండు జట్లకీ గురువు ఆయనే. దిద్దిపెడతానని షిరీన్ డ్రాయింగుల సీడీ తీసుకున్నదీ ఆయనే.

"అట్లా అంటావేంటమ్మా! చక్రాలు బయటుండే బండ్లన్నిటికీ ఒకటే పోలిక. గాలి అందరికీ ఒకటే, రూల్సూ ఒకటే. పెట్టెలాగా చేస్తారా ఏంటి?"

"నా సీడీ వాళ్ళకి చూపించారా సార్?"

"చూపిస్తే కొంపలేం మునిగాయి? ఇద్దరూ నా పిల్లలే. ఫణీంద్ర వాళ్ళ నాన్న మన కమిటీలో ఉన్నాడాయె."

ఆ మాట అంటూనే ఆయన పళ్ళసందులో ఇరుక్కున్న వక్కపలుకుని గోటితో తీసి, ఎగాదిగా చూసి, మళ్ళీ నోట్లో వేసుకున్నాడు.

ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది, అదీ బాధ. రేసుకార్లు ఎవరు గీసినా అక్కచెల్లెళ్ళలాగే వస్తాయి. మరి ఇది దొంగ సొత్తని ఎట్లా చూపించడం? ఎర్రకారు చుట్టూ తిరిగింది. డ్రైవరు దిగి కూర్చునే గుంట దగ్గర ఆగిపోయింది.

ఆ గుంట నడిమధ్యన లేదు. కుడిపక్కకి ఒరిగి ఉంది. కుడివైపు లోతు, ఎడమవైపు మెరక. తిరిగి తెల్లకారు వంక చూసింది. అందులోనూ అంతే! సొంతబిడ్డ మెల్లకన్ను తల్లికి ఆనదు, పొరుగుబిడ్డకి ఉంటే ఇట్టే కనపడుతుంది.

అది ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకి అప్పుడు తట్టింది. మేనమామ నాగూర్ వలి చిలకలూరిపేట రోడ్డులో షేర్ ఆటో తోలతాడు. ముందుసీట్లో తన ఎడమపక్కన ఇద్దరిని ఇరికించి, తను కుడి అంచున ఒంటిపిర్ర మీద కూర్చుని జీవితం నడుపుకొచ్చాడు. కారు సీటు అచ్చు కోసం షిరీన్ ఆయన్ని పత్తిగింజల బస్తా మీద కూర్చోమంటే, పక్కన ఎవరూ లేకపోయినా ఓరగానే కూర్చున్నాడు. గింజల్లో పడ్డ ఆ అచ్చునే కొలిచింది.

గుంటూరు నుంచి వచ్చిన జడ్జి ఎర్రకారు దగ్గర వంగాడు. "సీటు పక్కకి ఉందేమిటయ్యా?"

"అదే మా స్పెషాలిటీ సార్" అన్నాడు ఫణీంద్ర, రెప్ప కొట్టకుండా. "మలుపుల్లో బరువు కలిసొస్తుందని పెట్టాం."

జడ్జి తలాడించాడు. తెల్లకారు దగ్గరికొచ్చి నవ్వాడు. "నువ్వూ అదే పెట్టావే అమ్మాయ్!"

తప్పు తనదని ఒప్పుకుంటే తప్ప కారు తనదని తేలదు.

"అది స్పెషాలిటీ కాదు సార్, నా పొరపాటు. మామూ, ఇటు రా."

నమూనా ముక్కల్ని ఆటోలో తెచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ నాగూర్ వలి బెదురుతూ వచ్చాడు. "నేనేం చేశానే?"

"ఏం లేదు. ఆ ఎర్రదాంట్లో కూర్చో."

కూర్చున్నాడు. అచ్చులో ఇటుక దిగినట్టు దిగాడు. "హాయిగా ఉందే! నా ఆటోలాగే ఉంది" అన్నాడు.

"ఇప్పుడు ఫణీంద్రని కూర్చోమనండి సార్."

ఫణీంద్ర కూర్చుంటే ఒక పిర్ర గుంటలో, ఒకటి గట్టు మీద. చూస్తున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. "ఒరేయ్, పేటా పేటా అని కేకెయ్యరా!" అన్నాడెవడో వెనకనుంచి.

జడ్జి నవ్వలేదు. అంకమ్మరావు ఆయన చెవిలో ఏదో గొణిగాడు. ఇద్దరూ కాసేపు కిటికీ దగ్గర నిలబడి వచ్చారు.

"చూడమ్మా" అన్నాడు జడ్జి, "ఇట్లాంటి కార్లకి పోలికలు సహజం. వాళ్ళు దానికి కారణం చెప్పారు. నువ్వేమో పొరపాటని నీ నోటితోనే అన్నావు. పొరపాటుకి మార్కులు ఎట్లా వేస్తాం?"

ఎర్రకారు నెగ్గింది. ఇందాక నవ్వినవాళ్ళే ఇప్పుడు చప్పట్లు కొట్టారు. అంకమ్మరావు టీ గ్లాసు పట్టుకుని షిరీన్ దగ్గరికి వచ్చాడు. "వాళ్ళ జట్టులో చేరమ్మా. నీ పేరూ వేయిస్తాలే. తాగు." గ్లాసు అంచుకి ఆయన వేళ్ళ వక్కమరక అంటుకుని ఉంది. షిరీన్ చెయ్యి చాపలేదు.

ఫోటోలయ్యాక ఫణీంద్ర మెల్లగా వెనకే వచ్చాడు. "షిరీన్, ఏమనుకోకు. ఆ సీటు మధ్యకి తేవాలంటే ఎక్కడెక్కడ మార్చాలో కాస్త చెప్పవా? మిగతా కొలతలన్నీ దాన్ని పట్టుకునే ఉన్నాయంట, మాకు అర్థం కావట్లేదు."

అతని మొహంలో ఇసుమంతైనా సిగ్గు లేదు. అప్పడం అడిగినట్టు అడిగాడు.

"ఎందుకు మార్చడం? మీ స్పెషాలిటీ కదా" అంది షిరీన్. "మద్రాసు దాకా దాంట్లోనే కూర్చో."

బయట నాగూర్ వలి అప్పటికే ఆటోలో ఉన్నాడు. తనవల్లే పిల్ల ఓడిపోయిందని, సీటు నడిమధ్యన కొయ్యబొమ్మలా బిగుసుకుని కూర్చున్నాడు. రెండు పక్కలా చోటు లేదు.

షిరీన్ రోడ్డు మీద గట్టిగా ఉమ్మేసి, చున్నీ కొసతో నోరు తుడుచుకుంది.

"పక్కకి జరుగు మామూ, నేనెక్కడ కూర్చోను?"

ఆయన కుడి అంచుకి జరిగాడు.