టైముకొచ్చిన పేషెంటు

పెద్దవాళ్ళలో ఏడీహెచ్‌డీని, అంటే ధ్యాస నిలవని జబ్బుని, ఎలా గుర్తుపట్టాలో ఆస్పత్రిలో డాక్టర్లకు శిక్షణ. మా చెల్లెల్ని పేషెంటుగా రమ్మన్నారు. డాక్టర్లు జబ్బని తేలిస్తే వైద్యం ఇక్కడే మొదలుపెడతామన్నారు. అది పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సులో ఇంకొక్క పొరపాటు చేస్తే ఉద్యోగం ఊడుతుందని మేనేజరు దానికి తెగేసి చెప్పాడు. పైగా వచ్చే నెల నాకు వేరే ఊరికి ట్రాన్స్‌ఫరు. ఆ సంగతి చెప్పడానికి నాకింకా నోరు రాలేదు.

నన్ను వెనక కూర్చోబెట్టారు. డాక్టర్లు అడిగేదాకా మాట్లాడకూడదని షరతు. ఇంట్లోవాళ్ళను అడగాలని వాళ్ళకే తట్టాలట. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను.

కళ్ళజోడు డాక్టరు మొదలుపెట్టాడు.

"స్కూల్లో ఫస్టు వచ్చేవారా?"

"వచ్చేదాన్ని సార్."

"ఇంతసేపూ కదలకుండా కూర్చున్నారే!"

"అవును సార్, సారీ."

సారీ ఎందుకే! నాకు ఒళ్ళు మండిపోయింది.

అతను పక్కవాళ్ళ వైపు తిరిగి తీర్పు చెప్పేశాడు. "ఆ జబ్బుంటే టైముకి రాలేరు. ఈవిడ అందరికంటే ముందొచ్చారు. కాస్త టెన్షను, కాస్త బద్ధకం, అంతే."

మిగతావాళ్ళు తలలూపారు. చెల్లెలూ ఊపింది. అది చూశాక ఇక నావల్ల కాలేదు.

"అది రాలేదండీ, నేను లాక్కొచ్చాను!" లేచి అరిచాను. "నిద్ర లేపింది నేను, తాళాలు వెతికింది నేను, బస్టాపు దాకా వచ్చాక ఫోను కోసం మళ్ళీ మేడెక్కింది నేను. ఫస్టు వచ్చిందంటే, అమ్మ పక్కనే కూర్చుని పేజీ పేజీకీ వేలు పెట్టి చదివించింది కాబట్టి. పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నాను, ఎవరమ్మా నువ్వని ఒక్కరైనా అడిగారా? బద్ధకమట బద్ధకం!"

శిక్షణ ఇస్తున్న పెద్ద డాక్టరమ్మ నన్ను ఆపలేదు. ఆవిడనూ వదల్లేదు నేను. "తెలిసి తెలిసీ చూస్తూ ఊరుకున్నారు. మీరు పాఠం చెప్పుకోడానికి అదేమన్నా నల్లబల్లా?"

"నిజమేనమ్మా, ఇతన్ని ముందే ఆపాల్సింది" అంది ఆవిడ.

కళ్ళజోడు డాక్టరు ముఖం కందగడ్డయింది. కుర్చీ చెల్లెలి వైపు జరుపుకుని మెల్లగా అడిగాడు.

"మీ అక్క పక్కన లేని రోజు ఎలా గడుస్తుందండీ?"

చెల్లెలు ఈసారి సారీ చెప్పలేదు. నావైపూ చూడలేదు.

"అలాంటి రోజు ఇంతవరకూ రాలేదు సార్. వచ్చే నెల నుంచి వస్తుంది. అక్కకి ట్రాన్స్‌ఫరైంది. నాకు చెప్పలేక దాచుకుంటోంది."

నిలబడ్డదాన్ని అలాగే కూలబడ్డాను.