దోన్యా యుసేబియా హస్తవాసి

ఒలాంచో సీమలోని ఒక పల్లెలో విత్తనం ఏరాలంటే అందరూ పెద్దావిడ దోన్యా యుసేబియానే పిలిచేవారు. మొక్కజొన్న కంకిని వరస వరస తడిమి, నచ్చితే విత్తనానికని, పురుగు పట్టకుండా పొయ్యి పైన పొగకు వేలాడదీసేది. అలాంటి మనిషి చివరి రోజుల్లో రొట్టెల పిండి కూడా ముట్టుకోకుండా, చేతులు ఒడిలో దాచుకుని కూర్చునేది. ఎందుకో వినండి.

కొడుకు అర్నుల్ఫో ఒక ఏడు కొత్త విత్తనం తెచ్చాడు. దానిలో మూడు జన్యువులు చొప్పించారు. ఆకు తినే పురుగును ఆపడానికి ఒకటి, కాండం తొలిచే పురుగును ఆపడానికి ఒకటి, కలుపు మందును తట్టుకోవడానికి ఒకటి. పంట విరగపండింది. ఆ గర్వంతో పొయ్యి పైనున్న తల్లి పాత కంకులను పందులకు వేశాడు.

"మళ్ళీ సంచి కొనడమెందుకే అమ్మా? నీ చెయ్యుందిగా, ఈ పంటలోనే ఏరిపెట్టు" అన్నాడు. ఆమె మురిసిపోయి వారం రోజులు కూర్చుని ఏరింది.

మరుసటి ఏడు కలుపు మందు కొట్టిన పదో రోజుకు పావు వంతు మొక్కలు మాడిపోయాయి. మిగిలినవాటిలో కొన్నిటిని ఆకుపురుగు, కొన్నిటిని కాండం పురుగు తిన్నాయి. సగం చేను కూడా నిలవలేదు.

ఆదివారం చర్చి ముందు అర్నుల్ఫో తల్లి చెయ్యి పట్టి పైకెత్తాడు. "చూడండర్రా! నా నోట్లో మట్టి కొట్టిన చెయ్యి ఇదే. ఇక దీన్నెవరూ గింజ ముట్టనివ్వకండి!"

"బాగున్నవే ఏరాన్రా నాయనా..."

జనం నవ్వారు. ఆమెతో విత్తనం ఏరించుకున్నవాళ్ళే నవ్వారు.

తర్వాత వ్యవసాయ ఇంజనీరమ్మ వచ్చి చేను చూసింది. "మీ అమ్మగారి తప్పేం లేదయ్యా. కొన్న విత్తనంలోనే మూడూ కలిసుంటాయి. దాని పంట గింజల్లో చెదిరిపోతాయి. ఒకదానికి మూడూ వస్తే ఇంకోదానికి ఒక్కటీ రాదు. పైకి అన్నీ ఒకలాగే ఉంటాయి, ఎవరూ ఏరలేరు. పంట గింజను మళ్ళీ విత్తొద్దని సంచి మీద రాసుందిగా?"

"చీమ తలకాయంత అక్షరాలమ్మా! అమ్మినోడు నోరు విప్పలేదు."

"చెప్పాల్సింది. సరే, ముందు ఈ మాట మీ అమ్మగారికి చెప్పు."

అర్నుల్ఫో తలూపాడు గానీ చెప్పలేదు. చెబితే చర్చి ముందు అరిచింది తప్పని ఊరికి ఒప్పుకోవాలి. ఇవాళ, రేపు అంటూ వానలు వెళ్ళిపోయాయి.

క్రిస్మస్ ముందు ఆమెకు జ్వరం తగిలింది. రెండు చేతులూ కొడుక్కి చూపించి, "ఎక్కడ పొరపాటు చేశాన్రా?" అని అడిగింది.

"పడుకోవే అమ్మా" అన్నాడు. ఆమె పడుకుంది, మళ్ళీ లేవలేదు.

అయ్యలారా, అమ్మలారా! గింజలోకి జన్యువులు చొప్పించే విద్యలో పాపం లేదు. దాని గుణం రైతుకు నోటితో చెప్పకుండా అమ్మడం పాపం. నలుగురిలో వేసిన నిందను చావు మంచం దగ్గరైనా తీసేయకపోవడం మహాపాపం.