బియ్యం డబ్బాకు తెలుగు నేర్పిన వారం

మా ఇంట్లో భవిష్యత్తుకు కొదవ లేదు. వర్తమానానికే కాలు పెట్టే చోటు లేదు. జంషెడ్‌పూర్ బిర్సానగర్‌లో రెండు గదుల ఇల్లు మాది. అందులో ఒక గది నిండా మా అమ్మాయి పద్మశ్రీ తయారు చేసిన వస్తువులు. దోమ కనబడితే దానంతటదే చప్పట్లు కొట్టే టేబుల్ లాంపు ఉంది. ఒక చెప్పు తప్పిపోతే రెండోది ఈల వేసే చెప్పుల జత ఉంది. రెండూ కలిసి తప్పిపోతే ఏం చేయాలో ఇంకా ఆలోచించలేదట. వాన రాబోతోందని ముందే చెప్పే గొడుగు కూడా ఉంది. కాకపోతే అది థర్మాకోలుది, వానలోకి తీసుకెళ్ళకూడదు.

వీటిని కాన్సెప్ట్‌లంటారు. మా అమ్మాయి డిజైన్ కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. నేను ట్రక్కు విడిభాగాల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళుగా క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. నా లోకంలో ముక్క గేజులో దూరితే ఓకే, దూరకపోతే రిజెక్ట్. మధ్యలో కాన్సెప్ట్ అనే అరకు మా షాపులో చోటు లేదు.

మొదటిసారి జ్యూరీ వాళ్ళు ఆ చెప్పుల్నీ గొడుగునీ చూసి, "చాలా బాగున్నాయి. ఎవరు వాడతారు?" అని అడిగారట. భవిష్యత్తులో వాడతారంది మా పిల్ల. ఫెయిల్ చేశారు. ఇంకొక్క అవకాశం ఇచ్చారు: ఒక వస్తువును నిజమైన ఇంట్లో నిజమైన మనిషి వారం రోజులు వాడాలి. ఎనిమిదో రోజున జ్యూరీ ఆ ఇంటికే వచ్చి చూస్తుంది. అదీ పోతే ఏడాది పోయినట్టే. ఆ సంగతి చెప్పిన రోజు పిల్ల అన్నం ముట్టుకోలేదు. ఎప్పుడూ దాన్ని వెటకారం చేసే నేనూ ఆ పూట కంచం ముందు నుంచి లేచిపోయాను.

అలా పుట్టింది మాటలు వినే బియ్యం డబ్బా. పేరు 'భరోసా'. తెల్లగా, నున్నగా ఉంటుంది. మూత మీద ఒక పచ్చ దీపం, ఒక ఎర్ర దీపం. డబ్బా నిండుగా ఉందని చెబితే పచ్చ దీపం వెలుగుతుంది. ఖాళీ అని చెబితే ఎర్ర దీపం వెలిగి, మార్కెట్లో మన తెలుగాయన బలరామ్ కిరాణా కొట్టుకు ఫోన్లో కబురు పోతుంది, ఆయన బస్తా పంపుతాడు.

"లోపల తూకం చూసే సెన్సార్ పెడితే పోయేది కదమ్మా?" అన్నాను.

"నహీ పాపా. సెన్సార్ మతలబ్ నిగ్రానీ. దాదీ కీ బాత్ హీ సెన్సార్ హై."

సెన్సార్ అంటే నిఘా అట. వాళ్ళ నానమ్మ మాటే సెన్సారట. పెద్దవాళ్ళ మీద నిఘా పెట్టకూడదట, వాళ్ళ మాట నమ్మాలట. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. నచ్చడమే కొంప ముంచింది.

మా పిల్ల పుట్టిందీ పెరిగిందీ జంషెడ్‌పూర్‌లోనే. తెలుగు వింటుంది, జవాబు హిందీలో చెబుతుంది. డబ్బాకు నేర్పడానికి నన్నే అడిగింది. "పాపా, ఫుల్ కో తెలుగు మే క్యా బోల్తే హై?" నిండు అన్నాను. హాఫ్? సగం. ఎంప్టీ? ఖాళీ. మూడు మాటలకూ ఇన్‌స్పెక్టర్ హోదాలో నేనే హామీ ఇచ్చాను.

వాడాల్సిన నిజమైన మనిషి మా అమ్మ నూకాలమ్మ. మా ఆవిడ కస్తూరమ్మ తన చెల్లెలి పురుడికని శ్రీకాకుళం వెళ్ళి నెలైంది. ఆవిడ ఇంట్లో ఉంటే ఈ కథే జరిగేది కాదు.

"నాను దీంతో మాటాడాలేటి? మనుసులు నేరేటి ఇంట్లో?" అంది అమ్మ.

"వారం రోజులేనే అమ్మా. బియ్యం సంగతి దానికే చెప్పాలి, ఇంకెవరికీ చెప్పకూడదు. అది పరీక్ష," అన్నాను.

రెండో రోజుకల్లా అలవాటు పడింది. కోడలి మీద చాడీలు కూడా దానికే చెప్పడం మొదలుపెట్టింది. నా పని ఒక్కటే. రోజూ షిఫ్టు నుంచి వచ్చి, దీపం రంగు చూసి, పద్మశ్రీ ఇచ్చిన కాగితంలో సాక్షి సంతకం పెట్టడం. ఏడు రోజులూ పచ్చ దీపమే. ఏడు సంతకాలు, ఏడు ఓకేలు. ఒక్కసారీ మూత తెరిచి చూడలేదు. ఫ్యాక్టరీలో ఎవడైనా అలా దీపం చూసి సంతకం పెడితే వాడికి మెమో ఇప్పించి గానీ నిద్రపోయేవాణ్ణి కాదు.

ఆదివారం పదకొండు గంటలకు జ్యూరీ వచ్చింది. గుండు ప్రొఫెసరు ఒకాయన, కళ్ళజోడు మేడమ్ ఒకావిడ. ఇద్దరూ హిందీవాళ్ళు. వచ్చినవాళ్ళను చూడగానే అమ్మ అడ్డం పడింది.

"బోయినం సేసే ఎల్లాల. ఇప్పుడే ఎసరెట్టేత్తాను."

గ్లాసు పట్టుకుని డబ్బా మూత తీసింది. గ్లాసు అడుగును గీరిన చప్పుడు మా అందరికీ వినబడింది. మూత మీద పచ్చ దీపం కళకళలాడుతోంది.

"ఒరే సూరీ, ఈడు బియ్యం తెప్పించనేదేట్రా?"

"ఎవడమ్మా?"

"ఈ డబ్బా ఎదవ. మూడ్రోజుల కాణ్ణుంచి సెప్తన్నాను!"

పద్మశ్రీ మొహం పాలిపోయింది. ప్రొఫెసరు నా ఏడు ఓకేలు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. డబ్బా విన్న మాటలన్నీ పిల్ల ఫోన్లో ఉంటాయి. వినిపించమన్నారు.

ఐదో రోజు: "బాబూ, బియ్యం నిండుకుంతన్నాయి." వెంటనే డబ్బా గొంతు: "ధన్యవాదములు."

ఆరో రోజు: "బియ్యం నిండుకున్నాయిరా, ఇనపడతందా?" "ధన్యవాదములు."

ఏడో రోజు: "నిండుకున్నాయన్నాను కదరా సెవిటోడా! రేపు పెద్దోలొత్తారు!" "ధన్యవాదములు."

ఫోను ఆగింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. పిల్లకు తెలుగు చెప్పిన మొనగాణ్ణి నేనే. బియ్యం అయిపోయాయని మన ఆడవాళ్ళు అనరనీ, నిండుకున్నాయంటారనీ నాకు తెలియకనా? పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట. అడిగిన క్షణాన గుర్తు రాలేదు, అంతే. ఆ సంగతే జ్యూరీకి హిందీలో విప్పి చెప్పాను.

"మతలబ్, ఖాళీ కో ఫుల్ బోల్తే హై?" అంది మేడమ్.

"జీ."

ప్రొఫెసరు కాగితం మీద 'యూజర్ ఎర్రర్' అని రాసుకున్నాడు. అంటే తప్పు మా అమ్మదన్నమాట. మంచివాడే, ఇంకో అవకాశం ఇచ్చాడు. డబ్బాకు నేర్పిన మాటను అమ్మ గారు ఒక్కసారి సరిగ్గా అంటే చాలు. ఖాళీ అనాలి. ఎర్ర దీపం వెలిగి కొట్టుకు కబురు వెళితే పాస్.

అందరం అమ్మ వైపు చూశాం. "ఒక్క మాటే కదమ్మా. పిల్ల ఏడాది," అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

అమ్మ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "కాపరానికొచ్చిన కాణ్ణుంచి పొయ్యి కాడ ఆ మాట అన్నేదురా. మీ నాన్న పని పోయి మూడు నెల్లు ఇంట్లో కూకున్నాడు. అప్పుడూ అన్నేదు. పిల్లలకి గెంజి పోసిన్నాడూ అన్నేదు." పద్మశ్రీ వైపు చూసింది. "గుంట ఏడు పోద్దంతన్నావు. సరే, అంతాన్లే."

డబ్బా మీదికి వంగింది. పద్మశ్రీ ఒక్క ఉదుటున వెళ్ళి ఆవిడ నోరు మూసేసింది.

"మత్ బోలో, దాదీ."

తర్వాత జ్యూరీ వైపు తిరిగింది. దాదీ తప్పేమీ లేదు సర్, నేనే తప్పుగా నేర్పాను, ఈ వంటింట్లో ఆ మాట వినబడదు, ఫెయిల్ చేసుకోండి అని హిందీలో చెప్పేసింది. ఆ క్షణంలో నా కూతురంటే నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను. భయం కూడా అంతే కలిగింది.

ప్రొఫెసరు కలం ఆపాడు. "సరే. నిండు అంటే ఖాళీ అని మార్చుకో. మరి నిజంగా నిండుగా ఉన్నప్పుడు ఆవిడ ఏమంటుంది? నీ డబ్బాకు తేడా ఎలా తెలుస్తుంది?" అన్నాడు హిందీలో.

మళ్ళీ ఫెయిలే అనుకున్నాను. పిల్ల తిన్నగా అమ్మనే అడిగింది. "దాదీ, డబ్బా సచ్ మే ఫుల్ హో, తో క్యా బోల్తీ హో?"

అమ్మ దాన్ని వింతగా చూసింది. "నిండుగా ఉంటే ఎవుడికి సెప్తావే? మూతెట్టీసి ఊరుకోవాల గానీ!"

నేను హిందీలోకి మార్చి చెప్పాను. మేడమ్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి పకపకా నవ్వింది. ప్రొఫెసరు మళ్ళీ కలం అందుకున్నాడు. 'యూజర్ ఎర్రర్' అన్నది కొట్టేశాడు. అప్పటికే పద్మశ్రీ ఫోన్లో సగాన్నీ ఖాళీనీ తీసిపారేసింది. ఇక డబ్బాకు మిగిలింది ఒకటే మాట, ఒకటే అర్థం: నిండు అంటే బియ్యం తెప్పించమని.

"మళ్ళీ సెప్పాలేటి? నిండుకున్నాయిరా, ఇప్పుడైనా తే!" అంది అమ్మ.

ఎర్ర దీపం వెలిగింది. మూడు నిమిషాల్లో బలరామ్ ఫోను చేశాడు: "బాబూ, బస్తా పంపించీమంతారా?"

బస్తా వచ్చేలోపు అమ్మ ఉప్మా చేసింది. ప్రొఫెసరు రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. రిజల్టు రేపు వస్తుందని చెప్పి వెళ్ళిపోయారు.

సోమవారం నాకు రెండో షిఫ్టు. ఇంట్లోనే ఉన్నాను. పొద్దున తొమ్మిదింటికి పద్మశ్రీ ఫోను చూసి ఎగిరి గంతేసింది. పరుగున వంటింట్లోకి వెళ్ళింది. అది పుట్టాక మా అమ్మతో తనంతట తాను తెలుగులో మాట్లాడడం నేను విన్నది అదే మొదటిసారి.

"మామ్మా! నాకు మార్కులు నిండుకున్నాయి!"

అమ్మ చేతిలో గరిటె కింద పడింది. అలాగే నేల మీద చతికిలబడింది. "అయ్యో నా తల్లే! నా ఉప్మా రెండుసార్లు ఏయించుకుని తినీసి, గుంటకి ఒక్క మార్కూ ఉంచనేదేట్రా ఆ బోడోడు!"

పిల్ల బిత్తరపోయి నా వైపు చూసింది. తానేం తప్పు మాట్లాడిందో దానికి తెలియలేదు. నేను నవ్వు ఆపుకుని నోరు తెరిచేలోపు పక్కనే ఎర్ర దీపం వెలిగింది.

"ధన్యవాదములు," అంది డబ్బా.

నిన్నటి బస్తా బియ్యం దాని గొంతు దాకా ఉన్నాయి. నా ఫోను మోగింది. బలరామ్.

"నిన్ననే కద బాబూ బస్తా పంపినాను, మల్లీ ఏటి? అయిపోనాయా, ఉన్నాయా?"

ఏం చెప్పను? డబ్బా నిండుగా ఉందని చెప్పడానికి మా ఇంట్లో ఒక్క మాటా మిగల్లేదు.